వీరుల కథల్లో విశ్వాసాన్ని నలుగురూ కలిసి చదవాలంటే

మన ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం, జయపురం వైపు తెలుగు ఇళ్లలో ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు ఒడియా. చర్చిలో పెద్దల చేతిలో తెలుగు బైబిలు ఉంటే పిల్లల ఫోన్‌లో ఒడియానో ఇంగ్లీషో ఉంటుంది. ఎవరో ఒకరు ఉత్సాహపడి "యూత్ చేత ఏదైనా మంచి సాహిత్యం చదివిద్దాం" అంటారు. మొదట్లో జనం బాగానే వస్తారు, పోనుపోను కుర్చీలు ఖాళీ అవుతాయి. భాష కుదరలేదని సర్దిచెప్పుకుంటాం. నా లెక్కలో అసలు లోపం కథ చెప్పే తీరులో ఉంది. దావీదు నమ్మాడు కాబట్టి గెలిచాడు, దానియేలు నమ్మాడు కాబట్టి సింహాలు ముట్టలేదు, మీరూ నమ్మండి అంటాం. పదహారేళ్ల కుర్రాడికి ఇది ఒక్కసారి వింటే చాలు. నమ్మినవాళ్లందరూ గెలవరని వాడు ఊళ్లో చూస్తూనే ఉన్నాడు.

వీరుల కథల్ని, వాటిలోని క్రైస్తవ విశ్వాసాన్ని ఆరుగురో ఎనమండుగురో కూర్చుని చదువుకోవాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ ప్రశ్న అడగాలో, ఏ పుస్తకం పట్టుకోవాలో ఇక్కడ చెబుతాను. పాస్టరు గారే నడపాలని లేదు. టీచరైనా, డిగ్రీ చదివే అమ్మాయైనా నడపవచ్చు. వచ్చేవాళ్లలో క్రైస్తవులు కానివాళ్లు ఉంటే ఇంకా మంచిది. ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది.

ముందు మన కొలతతో మొదలుపెట్టండి

మొదటి రోజు బైబిలు తెరవకండి. ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. యుద్ధవీరుడు, దానవీరుడు, ధర్మవీరుడు, దయావీరుడు అని రాయండి. వీరరసాన్ని ఇలా నాలుగుగా విభజించి చెప్పినవాడు సాహిత్యదర్పణం రాసిన విశ్వనాథుడు. 14వ శతాబ్దంవాడు, కళింగంవాడు. అంటే మీరు కూర్చున్న నేల మనిషే. ఈ సంగతి పిల్లలకు చెప్పండి, కొంచెం నిటారుగా కూర్చుంటారు.

ఇప్పుడు ప్రతి గడిలో ఎవరు వస్తారో వాళ్లనే చెప్పమనండి. యుద్ధానికి తాండ్ర పాపారాయుడో సినిమా హీరోనో వస్తాడు. దానానికి కర్ణుడు, బలి వస్తారు. ధర్మానికి ధర్మరాజు, హరిశ్చంద్రుడు. దయ దగ్గర మాత్రం గుంపు కాసేపు ఆగిపోతుంది. పెద్దవాళ్లుంటే శిబి పేరు చెబుతారు. విశ్వనాథుడు ఇచ్చిన ఉదాహరణ జీమూతవాహనుడు, పాముకు బదులు తన ఒంటిని గరుడుడికి అప్పగించినవాడు. ఈ కథ రెండు నిమిషాల్లో చెప్పేయండి. తర్వాతి వారాలన్నీ ఈ నాలుగో గడి చుట్టే తిరుగుతాయి.

క్రైస్తవ సంప్రదాయంలోనూ ఇలాంటి లెక్క ఒకటుంది. వివేకం, న్యాయం, ధైర్యం, ఆత్మనిగ్రహం అనే నాలుగూ గ్రీకుల దగ్గర్నుంచి వచ్చినవి. 4వ శతాబ్దంలో మిలాను బిషప్పు ఆంబ్రోసు వాటిని క్రైస్తవ బోధలో కలిపాడు. విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ అనే మూడూ పౌలు రాసిన 1 కొరింథీయులకు 13లో ఉన్నాయి. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఈ ఏడింటినీ ఒకచోట పేర్చాడు. ధైర్యం గురించి ఆయనన్న మాట ఒక్కటి మీరు గుర్తుపెట్టుకుంటే చాలు. ఎదుటివాడి మీద పడటం కన్నా, వచ్చిపడినదాన్ని తట్టుకుని నిలబడటమే ధైర్యానికి ముఖ్యమైన పని అంటాడాయన. కతోలిక సంఘంలో ఒకరిని పునీతులుగా ప్రకటించే దారిలో ఈ ఏడు గుణాల్లోనూ ఆ మనిషి వీరోచితంగా బతికాడా అని విచారిస్తారు. విశ్వాసం కోసం చంపబడినవాళ్ల విచారణ దారి వేరు. కాబట్టి వీరత్వం అనే మాట కత్తి పట్టని నర్సుకీ, వంటమనిషికీ కూడా వర్తిస్తుంది. ఇదంతా మీరు తెలుసుకుని ఉండండి చాలు, మొదటి రోజే వాళ్ల నెత్తిన రుద్దకండి.

రెండో సారి: దావీదుని రెండుసార్లు చదవండి

బైబిలులో 1 సమూయేలు 17వ అధ్యాయం అందరికీ తెలుసు. గొల్యాతు, వడిసెల, రాయి. అది చదవడానికి పది నిమిషాలు మించనివ్వకండి. యుద్ధవీరుడి గడిలో దావీదు పేరు రాసేసి 24వ అధ్యాయానికి వెళ్లండి.

అక్కడ ఇశ్రాయేలు రాజు సౌలు మూడు వేలమందిని వెంటబెట్టుకుని దావీదుని వేటాడుతున్నాడు. ఏన్గెదీ అరణ్యంలో ఒక గుహలోకి ఒంటరిగా వెళ్తాడు. ఆ గుహ లోపలే దావీదూ అతని మనుషులూ ఉన్నారు. దేవుడు నీ శత్రువుని నీ చేతికి ఇచ్చిన రోజు ఇదే అని మనుషులు చెవిలో ఊదుతారు. దావీదు లేచి వెళ్లి రాజు పైవస్త్రం చెంగు మాత్రం కోస్తాడు. అదైనా ఎందుకు కోశానా అని తర్వాత బాధపడతాడు.

ఇక్కడ పుస్తకం మూసి ఒకే ప్రశ్న అడగండి: చేతిలో బలం ఉండి కూడా ఇతను ఏం చేయలేదు?

మీరు చదివే ప్రతి కథకీ ఇదే ప్రశ్న అడుగుతారు. మిగతావి మర్చిపోయినా పర్లేదు. "ఈ కథలో మనకు నీతి ఏమిటి" అని మాత్రం అడగవద్దు. ఆ ప్రశ్నకు జవాబు కథ వినకుండానే చెప్పేయొచ్చు, పిల్లలకు ఆ విద్య బాగా వచ్చు. "ఏం చేయలేదు" అంటే కథలోకి వెళ్లి వెతకాలి. కొందరు దావీదు భయపడ్డాడంటారు. ఇంకొకరు రేపు తను రాజైతే తన్నూ ఇలాగే చంపుతారని లెక్కేశాడంటారు. అదీ కొట్టిపారేసే మాట కాదు, రాయండి. దేవుని పేరు చెప్పి చంపమన్నది దావీదు సొంత మనుషులే అన్న సంగతి ఎవరో ఒకరు పట్టుకునేదాకా ఓపిక పట్టండి. మీరు ముందే చెప్పేస్తే ఆ రోజు చదువు అక్కడితో సరి.

అదే వారమో, మరుసటి వారమో హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం 32 నుంచి 38 వరకు చదవండి. చిన్న భాగమే, కానీ నా దృష్టిలో ఈ చదువంతటికీ ఇదే ఇరుసు. గిద్యోను, బారాకు, సమ్సోను, యెఫ్తా, దావీదు, సమూయేలు వరసగా వస్తారు. రాజ్యాలు గెలిచారు, సింహాల నోళ్లు మూశారు. 34వ వచనంలో కత్తివాత పడకుండా తప్పించుకున్నారని ఉంటుంది. 35వ వచనం సగంలో కథ తిరుగుతుంది. మరికొందరు హింసలు పడ్డారు, రాళ్లతో కొట్టబడ్డారు. 37లో కత్తితో చంపబడ్డారు. రెండు గుంపులకూ ఆ పత్రిక ఒకటే కారణం చెబుతుంది: విశ్వాసం. 34, 37 రెండూ పక్కపక్కన కాగితం మీద రాయించండి. గెలిచినవాళ్ల కథలే విని పెరిగిన పిల్లలు ఇక్కడ చప్పున తలెత్తుతారు. "మరి అయ్యగారూ, రెండో గుంపువాళ్ల పేర్లు ఎందుకు రాయలేదు?" అని ఎవరైనా అడిగితే ఆ రోజు మీకు పండగే. వెంటనే జవాబు చెప్పకండి.

భాష సంగతి ఇలా సర్దుకోండి

తెలుగు లిపి చదవగలిగే పెద్దవాళ్లు ఒకరు పైకి చదవాలి. చదివాక ఒక చిన్నవాళ్లు అదే కథని తమ మాటల్లో తిరిగి చెప్పాలి. మధ్యలో ఒడియా దొర్లితే దొర్లనివ్వండి. పాత తెలుగు బైబిలు భాష పిల్లలకి సగం అందదు, పెద్దలకి మాత్రం అందులో ఒక్క మాట మారిస్తే మనసు ఒప్పదు. అందుకే చదవడం అందులోనే జరగాలి, చెప్పుకోవడం ఇంటి భాషలో జరగాలి. గ్రాంథికం వదిలి మాట్లాడే తెలుగులో రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలోనే. ఆ ఊళ్లో కూర్చుని ఇంటి భాషకి మొహమాటపడటం ఏమీ బాగుండదు. సవర పిల్లలు వస్తే కథని వాళ్ల భాషలోనూ ఒకసారి చెప్పించండి, కొంచెం టైము పట్టినా సరే.

గంట మించకూడదు. పాటతో మొదలుపెట్టాలనుకుంటే 19వ శతాబ్దపు పురుషోత్తమ చౌదరి కీర్తన ఒకటి పాడుకోండి, పెద్దవాళ్లకి నోటికి వచ్చే ఉంటాయి. టీ చివర్లో ఇవ్వండి. ముందే ఇస్తే మాటలు ఎటో పోతాయి.

బొబ్బిలి కథని పక్కన పెట్టి చదవండి

గుణుపురం, రాయగడ వాళ్లకి బొబ్బిలి దూరం కాదు. బుర్రకథగానో సినిమాగానో అందరికీ తెలిసిన కథే. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటని ముట్టడించారు. ఇక ఓటమి తప్పదని తేలాక కోటలోని వాళ్లు శత్రువుల చేతికి చిక్కకూడదని తమ ఆడవాళ్లనీ పిల్లల్నీ తామే చంపుకున్నారు. తర్వాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజు డేరాలో చొరబడి అతన్ని చంపాడు.

ఈ కథని ఏన్గెదీ గుహ పక్కన పెట్టండి. ఒకచోట శత్రువు ఒంటరిగా చిక్కాడు, చంపలేదు. ఇంకోచోట చంపాడు. ఇక్కడ మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి. "చూశారా, మన బైబిలు వీరుడు గొప్ప" అని ఎవరో అనబోతారు. అననివ్వకండి. పాపారాయుడు ఓడిపోవడానికి మీ గదిలోకి రాలేదు. వెంటనే న్యాయాధిపతులు 16 తీసి సమ్సోను చివరి ప్రార్థన చదివించండి. కళ్లు పోగొట్టుకున్న మనిషి పగ తీర్చుకునే బలం ఒక్కసారి ఇమ్మని దేవుణ్ణి అడిగి, స్తంభాలు పడదోసి, శత్రువులతో పాటు తనూ చచ్చిపోయాడు. ఆ సమ్సోను పేరు హెబ్రీయులు 11లో ఉంది. అంటే బైబిలులోనూ పాపారాయుడి లాంటివాడు ఉన్నాడు, విశ్వాసవీరుల జాబితాలోనే ఉన్నాడు. దీన్ని సాఫు చేసి చెప్పే ప్రయత్నం చేయకండి, గదిలో అలాగే ఉండనివ్వండి. క్రైస్తవులు కాని స్నేహితులు గుంపులో ఉంటే ఈ రోజు వాళ్లే ఎక్కువ మాట్లాడతారు.

కోటలో చనిపోయిన ఆడవాళ్లని ఎవరూ అడగలేదు కదా అని ఒక అమ్మాయి అంటే, చర్చని అటే పోనివ్వండి. పరువు కోసం చేసే ధైర్యానికీ, పక్కవాళ్ల ప్రాణం కోసం చేసే ధైర్యానికీ తేడా అక్కడ తేలినంతగా ఏ వ్యాఖ్యానంలోనూ తేలదు.

పెద్ద పుస్తకాల్లో దేన్ని పట్టుకోవాలి

ఇంతవరకు వచ్చాక పుస్తకం ఎంచుకోండి. అన్నీ చదవనక్కర్లేదు, ఒక్కటి చాలు.

పెద్దవాళ్లు ఎక్కువగా ఉంటే జాన్ బన్యన్ రాసిన యాత్రికుని ప్రయాణం తీసుకోండి. తెలుగులో చాలా కాలంగా ఉంది, పాత క్రైస్తవ ఇళ్లలో ఒక ప్రతి దొరకవచ్చు. అనుమతి లేకుండా బోధించినందుకు బన్యన్ ఇంగ్లండులో 12 ఏళ్లు జైల్లో ఉన్నాడు. మొదటి భాగం 1678లో అచ్చయింది. మొత్తం చదివితే నీరసం వస్తుంది, రెండు ఘట్టాలు తీసుకోండి. ఒకటి, వినయపు లోయలో అపొల్లియోనుతో యాత్రికుడి పోరాటం. వెనక్కి పారిపోదామా అనుకుంటాడు, కానీ తన కవచానికి వీపు వైపు రక్షణ లేదని గుర్తొస్తుంది. అందుకని నిలబడతాడు. భయం లేకపోవడం వీరత్వం అనుకునేవాళ్లకి ఇది మంచి మందు. రెండోది, మాయ సంతలో యాత్రికుడి తోటివాడిని విచారించి కాల్చి చంపే ఘట్టం. యాత్రికుడు తప్పించుకుని బయటపడతాడు, తోటివాడు చనిపోతాడు. హెబ్రీయులు 11లోని రెండు గుంపులు ఇక్కడ ఇద్దరు మనుషులయ్యాయి. ఇది మీరు చెప్పకుండా వాళ్లే పట్టుకుంటే చదువు సాగుతున్నట్టే.

అన్ని వయసులవాళ్లూ కలిసి ఉంటే నేను విక్టర్ హ్యూగో నవల లే మిజరాబుల్స్ వైపే మొగ్గుతాను. 1862లో వచ్చింది. మన పెద్దలకి ఇది బీదలపాట్లు సినిమాగా తెలుసు. 1950లో నాగయ్య గారు వేశారు. రొట్టె దొంగిలించి 19 ఏళ్లు జైల్లో మగ్గిన జీన్ వాల్జీన్ బయటికి వచ్చి, ఆశ్రయమిచ్చిన బిషప్పు ఇంట్లోనే వెండి సామాను ఎత్తుకుపోతాడు. పోలీసులు పట్టి తెస్తే బిషప్పు, అవి నేనే ఇచ్చాను, దీపస్తంభాలు కూడా ఇచ్చానుగా, వాటిని మర్చిపోయావేం అంటాడు. నాలుగు గళ్ల కాగితం తీయండి. ఇది దానమా, దయా? పోలీసుల ముందు నిజం కాని మాట చెప్పాడు కదా, ధర్మవీరుడి గడిలో ఇతనికి చోటుందా? మా వైపు మామయ్యలు ఈ చివరి ప్రశ్న మీద పట్టు వదలరు. గంట చాలదు.

తర్వాత వాల్జీన్ దగ్గరికి రండి. తన పేరు మోస్తూ ఎవరో అమాయకుడు శిక్ష పడి జైలుకి పోబోతుంటే, తను మేయరుగా హాయిగా ఉన్నవాడు, కోర్టుకి వెళ్లి నేనే వాల్జీన్‌నని ఒప్పుకుంటాడు. ఏళ్ల తరబడి తన్ను వెంటాడిన ఇన్‌స్పెక్టరు జావేర్ తన చేతికి చిక్కితే, చంపినట్టు నటించి వదిలేస్తాడు. ఏన్గెదీ గుహే మళ్లీ. ఒక్కటి గుర్తుంచుకోండి: హ్యూగో దేవుణ్ణి నమ్మినా చర్చి అధికారాన్ని గట్టిగా విమర్శించినవాడు. పుస్తకంలో విశ్వాసం ఉందంటే రచయిత మన వరసలో కూర్చునేవాడని అర్థం కాదు.

పద్యం పాడగలిగేవాళ్లు ఒక్కరున్నా జాషువా గారిని వదలకండి. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది ఆయన క్రీస్తు చరిత్రకే. అయినా నేను గబ్బిలంతో మొదలుపెడతాను. 1941లో వచ్చిన ఈ కావ్యంలో గుడిలోకి రానివ్వని ఒక పేద అరుంధతీయుడు తన బాధని శివుడికి చెప్పమని గబ్బిలంతో కబురు పంపుతాడు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి, కబురు మాత్రం కాశీకి. ఈ కథానాయకుడి చేతిలో ఆయుధం లేదు, గెలుపూ లేదు. ఇతన్ని ఏ గడిలో పెడతారో అడగండి. ఐదో గడి గీయాలని ఎవరైనా అంటే కాగితం ఇచ్చేయండి. పద్యాల్ని మాత్రం వచనంలా గొణగవద్దు. రంగస్థలం మీద పాడినట్టు పాడాలి.

కుర్రాళ్లకి ఇంగ్లీషు వస్తే టోల్కీన్ లార్డ్ ఆఫ్ ద రింగ్స్ చెప్పొచ్చు, సినిమా చూసే ఉంటారు. క్రీస్తు పేరు ఎక్కడా ఉండదు గానీ రాసినవాడు గట్టి కతోలికుడు. చివరి అంచున కథానాయకుడు ఫ్రోడో, నాశనం చేయాల్సిన మాయ ఉంగరాన్ని పారేయలేకపోతాడు. పని పూర్తయ్యేది, ఆ ఉంగరం కోసం వెంటపడే గొల్లమ్ వల్ల, ఒకప్పుడు జాలిపడి చంపకుండా వదిలేసిన వాడి వల్ల. అదే ప్రశ్న, అదే జవాబు.

మిల్టన్ పారడైజ్ లాస్ట్ గుంపుగా చదవడానికి బరువు. మీరు చదివి కథ చెప్పండి చాలు. 1667 నాటి ఆ కావ్యంలో అందరికన్నా యుద్ధవీరుడిలా కనబడేది సాతాను. ఒట్టి సాహసం ఎంత దూరం తీసుకెళ్తుందో చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

రెండు చోట్ల నెమ్మదిగా నడవండి

ఒకటి, కత్తిని విశ్వాసంగా చూపించే కథలు. ఫ్రెంచి వీరకావ్యం రోలాండ్ గీతం అలాంటిదే. 778లో కొండల్లో ఫ్రాంకుల రాజు చార్లమేన్ సైన్యం వెనక భాగాన్ని చంపింది బాస్కు జనం. వాళ్లు ముస్లింలు కారు. మూడు శతాబ్దాల తర్వాత కావ్యంలో ఆ శత్రువులు ముస్లింలైపోయారు. సహాయం కోసం కొమ్ము ఊదమని స్నేహితుడు అలివర్ బతిమాలినా కథానాయకుడు రోలాండ్ పరువు పోతుందని ఊదడు. తన మనుషుల్లో చాలామంది చనిపోయాక ఊదుతాడు. చదవండి, కానీ చరిత్రని పక్కన పెట్టుకుని చదవండి.

రెండోది, మన రాష్ట్రంలోనే జరిగినవి. 1999లో కేంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ని, ఇద్దరు కొడుకుల్ని జీపులో తగలబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్ చంపినవాళ్లని క్షమిస్తున్నానని అందరి ముందూ చెప్పి, బారిపదలో కుష్ఠు రోగుల సేవ కొనసాగించారు. దయావీరుడి గడిలో ఈ పేరు ఎవరో ఒకరు రాస్తారు. రాయనివ్వండి. అయితే దీన్ని కథలా నాటకీయంగా చెప్పవద్దు, పక్కమతం మీద కోపం రాజేయడానికి అసలే వాడవద్దు. గదిలో ఎవరి ఇంట్లో ఏ గాయం ఉందో మీకు తెలియదు. 2008లో క్రైస్తవుల మీద దాడులు జరిగిన కంధమాల్ మనకి పక్క జిల్లాయే. ఎవరైనా లేచి బయటికి వెళ్తే వెనకాల ఒకర్ని పంపండి, చర్చ ఆపేయండి.

చివరి వారం

ఆఖరి రోజు చదవడం పెట్టుకోకండి. ఒక్కొక్కరూ తమకు తెలిసిన మనిషి గురించి ఒక పేజీ రాసి తేవాలి. చేతిలో బలమో, కోపమో, హక్కో ఉండి కూడా వాడకుండా ఆగిన మనిషై ఉండాలి. పేరు రాయకూడదు. తెలుగైనా ఒడియా అయినా సరే, రాయలేనివాళ్లు చెబితే మనవడో మనవరాలో రాసిపెట్టవచ్చు. కాగితాలన్నీ కలిపేసి, ఎవరిది ఎవరికి వస్తే వాళ్లు పైకి చదవండి. తర్వాత పుస్తకం ఏదో ఇంతవరకు నోరు విప్పని మనిషిని ఎంచుకోమనండి. ఆ మనిషి సినిమా పేరు చెప్పినా ఒప్పేసుకోండి.